ఫలానావారు చెప్పారండి



విశాఖపట్నంలో చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా "గిరాకీ పెరగాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగితే, ముందు జాలరిపేట వెళ్ళి ఒక పూట కూర్చుని రమ్మంటాను. అక్కడ చేపలమ్ముకునే ఆడవాళ్ళకి బోర్డు లేదు, కరపత్రం లేదు, చాలామందికి కొట్టు కూడా లేదు. ఒక గంప, ఒక కత్తిపీట, ఒక తూకం, కొంగున ఒక ఫోను. అంతే సరంజామా. అయినా ఒక్కొక్కరికీ ఏళ్ళ తరబడి వదలని వాడిక ఇళ్ళుంటాయి. అత్తగారి కాలంలో మొదలైన ఇల్లు కోడలి కాలానికీ నిలుస్తుంది. ఆ ఇల్లు మీకెలా వచ్చిందమ్మా అని అడిగి చూడండి. చాలా ఇళ్ళకి ఒకటే జవాబు: "ఫలానా అమ్మగారు చెప్పారండి."

ఆ చెప్పడం గురించే ఈ పూట నాలుగు మాటలు.

చేపల వ్యాపారం అసలు మొదలవడమే మాట మీద మొదలవుతుంది. తెల్లవారుతూండగా ఫైబర్ బోట్లు ఒడ్డుకి చేరతాయి. వల విదిలించి చేపలు ఇసుక మీద పోస్తారు. చుట్టూ ఆడవాళ్ళు మూగుతారు. వేలం పాట మొదలవుతుంది. కుప్ప ఇంతకి, ఇంతకి అని పెంచుకుంటూ పోయి ఎవరో ఒకరి దగ్గర ఆగుతుంది. పాడుకున్న మనిషి దగ్గర అప్పటికప్పుడు మొత్తం సొమ్ము ఉండాలని లేదు. అమ్ముకొచ్చి సాయంత్రం ఇస్తుంది. కాగితం రాసుకోరు. ఆవిడ ఎవరి కూతురో, ఎవరి కోడలో, ఇంతకుముందు ఎవరికైనా ఎగ్గొట్టిందో లేదో పేట మొత్తానికీ తెలుసు. కొత్తగా వ్యాపారంలోకి దిగిన పిల్లయితే పక్కనున్న పెద్దావిడ "నా మేనకోడలే, ఇచ్చెయ్" అంటుంది. ఆ ఒక్క ముక్కతో ఆ పిల్లకి అరువు పుడుతుంది. రేపు ఆ పిల్ల డబ్బు కట్టకపోతే అడిగేది ఆ పిల్లని కాదు, పెద్దావిడని. ఈ లెక్క ఒడ్డున అందరికీ తెలుసు కాబట్టే ఆ మాటకి విలువ.

ఇంక గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వచ్చాక కథ మారుతుంది.

వెనకటి రోజుల్లో చినవాల్తేరు వీధుల్లో చేపలామె ఒక కేక వేస్తే చాలు. వీధి గుమ్మాలు తెరుచుకునేవి. వరండాలో గంప దించి బేరం జరిగేది. ఇప్పుడు ఆ వరండాలున్న చోట అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. కేక వేస్తే మూడో అంతస్తులో ఏసీ వేసుకున్నవాళ్ళకి వినబడదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. అతను అడిగేది ఒకటే ప్రశ్న: "ఏ ఫ్లాటమ్మా?" ఆ ప్రశ్నకి నంబరు చెప్పగలిగితే లోపలికి. చెప్పలేకపోతే ఎండలో గోడవార.

చూడండి, ఊరు ఎలా మారిందో. సరుకు మంచిదై ఉండొచ్చు, ధర సరసంగా ఉండొచ్చు, అయినా ఎవరో ఒకరు లోపలినుంచి "మా చేపలామే, పంపించు" అంటే తప్ప ఆ సరుకు గడప దాకా వెళ్ళదు. పెద్ద కంపెనీలు యాప్‌లో ఫొటో పెట్టి, డెలివరీ కుర్రాణ్ణి పంపి ఆ గేటు దాటుతున్నాయి. గంప మోసే మనిషికి ఉన్న దారి 302 నంబరు ఫ్లాటులో ఉండే అమ్మగారి మాట ఒక్కటే. 302 ఒకసారి తెరుచుకుంటే 303, 402 తెరుచుకునే అవకాశం ఉంది. అందుకే చేపలమ్మే ఆడవాళ్ళ తెలివంతా ఆ మొదటి గడప దగ్గర కనిపిస్తుంది.

ఇప్పుడు 302లో అమ్మగారి వైపునుంచి ఆలోచిద్దాం. ఆవిడ లిఫ్టులో కలిసిన 402 ఆవిడతో "మాకో చేపలామె వస్తుందండీ, చాలా బాగా ఇస్తుంది" అంది. అనేసింది సరే. ఆదివారం 402లో చుట్టాలొచ్చారు. పన్నెండింటికి పులుసు పొయ్యి మీదికెక్కింది. ఒంటిగంటకల్లా సంగతి తేలిపోతుంది. చేప ముక్క గట్టిగా నిలిచి, పులుసు పట్టి ఉంటే సాయంత్రం 402 ఆవిడ ఫోను చేసి మరీ చెబుతుంది. ముక్క పిండిలా విడిపోయి నీచు వాసనొస్తే ఫోను చెయ్యదు. రెండు నెలలపాటు లిఫ్టులో కలిసినప్పుడల్లా 302 ఆవిడకే మొహం చెల్లదు. చేపలామెకి పోయింది ఒక బేరం. ఆ అమ్మగారికి పోయింది పొరుగింట్లో మర్యాద. అంటే మనల్ని ఎవరైనా ఇంకొకరికి చెప్పారంటే, వాళ్ళ పరువు కొంత మన గంపలో పెట్టి పంపారన్నమాట. చిన్న వ్యాపారి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే దారిన పడతాయని నా నమ్మకం.

దీనికి అర్థశాస్త్రంలో కూడా ఆధారం ఉంది. జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. అమ్మేవాడికి కారు లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ భయంతో కొనేవాడు ప్రతి కారుకీ తక్కువ ధరే అడుగుతాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో నాసిరకమే మిగులుతుంది. ఆ ఆలోచనకే 2001లో ఆయనకి మరికొందరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మన చేపల బేరమూ అదే కదా. చేప ఎప్పుడు దిగిందో అమ్మేమనిషికి తెలుసు. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, కన్ను చూస్తారు, వేలితో ఒత్తి చూస్తారు. అదైనా తెలిసినవాళ్ళు చూస్తారు. కొత్తగా కాపురం పెట్టిన ఐటీ ఉద్యోగులకి మొప్ప ఎక్కడుంటుందో తెలిస్తే గొప్ప. వాళ్ళకి పక్కింటావిడ మాటే మొప్ప ఎరుపు.

మరి ఆ పక్కింటావిడ మాట సంపాదించేదెలా?

వ్యాపార పాఠాల్లో దీనికి పది సూత్రాలుంటాయి. నాకు వాటిమీద అంత గురి లేదు. నేను చూసినంతలో, చేపలమ్మే ఆడవాళ్ళలో అందరికంటే ఎక్కువ ఇళ్ళు సంపాదించేది "వద్దు" అనగలిగినావిడ. గుమ్మంలో గంప దించింది. అమ్మగారు కోనాం మీద మనసు పడ్డారు. వంజరం అంటారే, మనవైపు కోనాం అంటాం, అది. మంచి ధర పలికే చేప. చేపలామె బొటనవేలితో మొప్ప ఎత్తి చూపిస్తుంది. ఎరుపు పోయి ఇటికరంగు తిరిగి ఉంది. "అమ్మా, ఇది నిన్నటిది, ఐసులో ఉన్నాది. పాడైపోలేదు గానీ మీకు నేనియ్యను. వేపుడికైతే అగుపడదు, పులుసుకి బాగోదు. కానాగంతలు పొద్దున్నే దిగినాయి, అయి తీసుకోండి" అంటుంది. కోనాం ధర ఎక్కడ, కానాగంతల ధర ఎక్కడ! ఆ గుమ్మంలో ఆవిడ నాలుగైదు వందల బేరం చేజేతులా వదులుకుంది. కానీ ఆ అమ్మగారు ఆ మధ్యాహ్నం ఫోను చేసి తన చెల్లెలికి చెప్పేది కానాగంతల రుచి గురించి కాదు. "వద్దని తనే చెప్పిందే, చూశావా!" అని. ఆ కబురు ఆ ఇంటితో ఆగదు.

ప్రతి వృత్తిలోనూ ఇలాంటి "వద్దు" ఒకటి ఉంటుంది. ఏసీ మెకానిక్ వస్తాడు. గ్యాసు నింపాలంటే వేలల్లో బిల్లు. కానీ ఫిల్టర్‌లో దుమ్ము తప్ప రోగం లేదు. కడిగేసి, విజిటింగ్ చార్జీ పుచ్చుకుని వెళ్ళిపోయే మెకానిక్ నంబరు ఆ సాయంత్రానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. "ఈ జాకెట్టు ముక్క చాలదమ్మా, కుట్టినా బిగుతవుతుంది, వేరే గుడ్డ తెచ్చుకోండి" అనే దర్జీ. "ఈ టీవీకి పార్టు వెయ్యడం దండగ" అనే రిపేరు మనిషి. వీళ్ళెవరూ ప్రకటనలిచ్చుకోనక్కర్లేదు.

అయితే మంచిగా ఉంటే చాలు, జనమే చెబుతారు అని చేతులు కట్టుకు కూర్చోమని నేననడం లేదు. జనం మంచివాళ్ళే, కానీ మరుపు ఎక్కువ. అడగాలి. అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. అది అడుక్కోవడంలా ఉంటుందని భయం. ఎప్పుడు, ఎలా అన్నది తెలిస్తే ఆ మొహమాటం ఉండదు. బేరం జరుగుతూండగా అడగకూడదు. డబ్బు తీసుకుంటూ అడగకూడదు. "మొన్న పులుసు చాలా బాగుందే" అని వాళ్ళ నోటితో వాళ్ళే అన్నప్పుడు, అప్పుడు అడగాలి. అదీ "మీకు తెలిసినవాళ్ళకి చెప్పండమ్మా" అని గాల్లో అడిగితే లాభం లేదు. తెలిసినవాళ్ళంటే ఎవరు? ఆవిడకి ఎవరూ గుర్తురారు. "కింద ఫ్లాటులోకి కొత్తగా వచ్చారు కదమ్మా, చంటిపిల్లతో, ఆళ్ళు చేప తింటారేటి?" అని అడిగితే ఆవిడకి ఒక మొహం కళ్ళముందు కదులుతుంది. చెప్పడం తేలికవుతుంది.

చెప్పేవాళ్ళ చేతికి ఒక పిడి కూడా ఇవ్వాలి. ఫోను నంబరు ఎలా దాచుకుంటారో ఒకసారి గమనించండి. చేపలామె పేరు చాలా ఇళ్ళలో తెలియదు. ఎవరి ఫోన్లో చూసినా "ఫిష్", "చేపలామె 2", అలాగే ఉంటుంది. అలా ఉంటే ఆ నంబరు ఇంకొకరికి పంపేటప్పుడు అది ఏ చేపలామెదో తేలదు. "నా పేరు ఇదమ్మా, జాలరిపేట అని పక్కన రాసుకోండి" అని దగ్గరుండి రాయించుకోవడం పెద్ద పని కాదు. రాయడం రానివాళ్ళకి వాట్సాప్‌లో గొంతు మెసేజి ఉండనే ఉంది. "అమ్మా, ఇయ్యాల చందువాలున్నాయి, రొయ్యలున్నాయి, తొమ్మిదికి మీ వీధికొస్తాను" అని అర నిమిషం మాట్లాడి, గంప ఫొటో ఒకటి పెడితే, ఆవిడ దాన్ని అలాగే చెల్లెలికి పంపేస్తుంది. ఏమీ టైపు చెయ్యక్కర్లేదు. కాకపోతే రోజుకి నాలుగు మెసేజీలు పెట్టారో, మ్యూట్‌లో పడిపోతారు. చేప ఉన్న రోజే పెట్టాలి.

ఫోను వచ్చాక చేపల బేరం ఎంత మారుతుందో కేరళలో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టి చూపించాడు. 1997 నుంచి 2001 మధ్య అక్కడి తీరంలో సెల్‌ఫోన్లు వచ్చాయి. అంతకుముందు ఒక ఒడ్డున కొనేవాళ్ళు లేక కవళ్ళు పారబోస్తుంటే, పక్క ఊరి ఒడ్డున చేపల్లేక కొనేవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళేవారు. ఫోను చేతికొచ్చాక పారబోయడం ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది. సముద్రంలో చేపలు పెరగలేదు, ఎవరికి కావాలో తెలిసిందంతే. పక్కింటికి చెప్పే మాట చేసే పని కూడా అదే.

ఇక ప్రతిఫలం సంగతి. చెప్పినవాళ్ళకి ఏమైనా ఇవ్వాలా? జర్మనీలో ఒక బ్యాంకు, కొత్త ఖాతాదారుని తీసుకొచ్చిన పాత ఖాతాదారుకి 25 యూరోలు ఇచ్చేది. ముగ్గురు పరిశోధకులు సుమారు పదివేల ఖాతాలు పట్టి చూశారు. 2011లో ఫలితం ప్రచురించారు. ఒకరి మాట మీద వచ్చినవాళ్ళు, మామూలుగా వచ్చినవాళ్ళకంటే బ్యాంకుకి కనీసం 16 శాతం ఎక్కువ విలువైనవాళ్ళుగా తేలారు. వదిలి వెళ్ళిపోవడమూ తక్కువే. అక్కడ డబ్బిచ్చినా మాట చెడలేదు. బహుశా బ్యాంకు పెద్దది కావడం, ఇచ్చేది బాహాటంగా అందరికీ ఒకే రేటు కావడం వల్ల కావచ్చు.

మన వీధుల్లో మాత్రం డబ్బు ఇవ్వొద్దంటాను. గుమ్మంలో నిలబడి "మీరు చెప్పినందుకు వంద రూపాయలు" అని ఇచ్చి చూడండి, ఆ అమ్మగారు నొచ్చుకుంటారు. నిన్నటిదాకా ఇష్టంగా చెప్పిన మాట ఇవాళ కమిషన్ అయిపోతుంది. అదే ఆ పూట తూకం అయ్యాక గుప్పెడు నెత్తళ్ళు కొసరు వేసి, "మీరు చెప్పిన కాడికెళ్ళేనమ్మా, మంచోళ్ళు, ప్రతి ఆదివారం రమ్మన్నారు" అని కబురు చెప్పండి. కొసరుకంటే ఆ కబురు గొప్పది. తన మాట పారిందని వినడానికి ఎవరికైనా ఇష్టమే. చాలామంది వ్యాపారులు ఈ చివరి ముక్క మరిచిపోతారు. చెప్పినావిడకి తను చెప్పినందువల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. ఇంకోసారి చెప్పడానికి నోరు రాదు.

కమిషన్ ఎంత దూరం తీసుకుపోతుందో మన తెలుగు ఊళ్ళకి చెప్పనక్కర్లేదు. అగ్రిగోల్డ్ సంగతి ఎవరు మరిచిపోయారు? లక్షల మంది డిపాజిట్లు కట్టారు. కట్టించినవాళ్ళెవరు? ఏజెంట్లు. వాళ్ళేమీ పరాయివాళ్ళు కాదు. మేనమామ, పిన్నిగారబ్బాయి, వీధి చివర టీచరమ్మ. తమవాళ్ళని నమ్మించే మాటకి కంపెనీ ధర కట్టింది. కంపెనీ కూలాక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు పట్టుకున్నది ఆ ఏజెంట్ల గుమ్మాలే. మేనమామ మొహం చూడని మేనల్లుళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మన చేతిలో లేని సరుకుకి, మనకి తెలియని లెక్కకి, కమిషన్ కోసం మాట ఇవ్వకూడదు.

ఆన్‌లైన్‌లో నక్షత్రాలు కొనుక్కోవడం దానికి చిన్న తమ్ముడు. అబద్ధపు రివ్యూలు పెరిగిపోయాయని మన భారత ప్రమాణాల సంస్థ 2022లో వాటికోసం ఐఎస్ 19000 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే తెచ్చింది. బంధువులందరిచేతా అయిదు నక్షత్రాలు వేయించుకున్న టిఫిన్ సెంటరుకి రెండోసారి ఎవరూ రారు. నిజంగా తిన్నవాళ్ళు రాసిన నాలుగు నక్షత్రాలు, "చట్నీ బాగుంది, కూర్చునే చోటు చాలదు" అన్న మాట, దానికంటే ఎక్కువమందిని తెస్తాయి.

జాలరిపేటలో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. వ్యాపారికి వ్యాపారే చెప్పడం. చేపలామె దగ్గర పీతలు లేవు. "మా వదినకాడున్నాయమ్మా, ఫోన్ చేస్తానుండండి" అంటుంది. వదిన వచ్చి పీతలిచ్చి వెళ్తుంది. రేపు వదిన దగ్గర చందువా లేనప్పుడు ఈవిడకి ఫోను వస్తుంది. పోటీదారుని మన వాడిక ఇంటికి పంపడమా అని కొందరు కంగారు పడతారు. ఆ అమ్మగారికి పీతలు కావాలి. మీరు చెప్పకపోతే యాప్‌లో తెప్పించుకుంటారు. అప్పుడు పీతలతోపాటు చేపలూ అక్కడినుంచే వస్తాయి. పోటీ మీ వదినతో కాదు, ఆ యాప్‌తో.

వేట నిషేధం రోజుల్లో నిలబెట్టుకున్న మాట మరీ పనికొస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు, మోటారు బోట్లు సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ గంపలో సరుకు తగ్గిపోతుంది. కొందరు ఎండుచేపలకి మళ్ళుతారు, కొందరు గోదావరి వైపునుంచి వచ్చే చెరువు చేప తెచ్చి అమ్ముతారు. "ఇది సముద్రం చేప కాదమ్మా, చెరువుది" అని ముందే చెప్పి అమ్మినావిడ జూన్ పదిహేను తర్వాత ఫోను చేస్తే ఇంటివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. చెప్పకుండా అమ్మినావిడ ఆ రెండు నెలల్లో రెండేళ్ళ మాట పోగొట్టుకుంటుంది. కష్టకాలంలో చేసింది జనం మరిచిపోరు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు గుర్తుందా? కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఏ వీధిలో పాలు దొరుకుతున్నాయో మనిషికి మనిషే చెప్పుకున్నారు. ఆ వారం పాల ప్యాకెట్టు ఉన్న ధరకే ఇచ్చిన కొట్టునీ, రెండింతలకి అమ్మిన కొట్టునీ ఈ ఊళ్ళో జనం ఇంకా మరిచిపోలేదు.

ఈ చెప్పడంలో ఒక్క చిక్కుంది. పేటలో అందరికీ అందరూ తెలుసు. అక్క చెల్లెలికి, చెల్లెలు వదినకి చెబితే మాట పేటలోనే గిరగిరా తిరుగుతుంది. కొత్త ఇల్లు రాదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ సంగతే రాశాడు. మనకి బాగా దగ్గరివాళ్ళకి తెలిసినవి మనకీ తెలిసే ఉంటాయి, కొత్త కబురు తెచ్చేది అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ళే అని. విశాఖలో ఆ అంతంతమాత్రం పరిచయాలకి కొదవ లేదు. వాచ్‌మన్ ఒకడు. రోజూ అయిదు ఫ్లాట్లలో పనిచేసే పనమ్మాయి ఒకర్తె. ఆ అయిదిళ్ళలో ఎవరు చేప తింటారో, ఎవరు శనివారం తినరో, ఎవరింటికి చుట్టాలొస్తున్నారో ఆ పిల్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇస్త్రీ బండి అతను, స్కూలు ఆటో అతను, పోర్టులోనో స్టీల్‌ప్లాంటులోనో పనిచేసి రిటైరై పొద్దున్నే బీచి రోడ్డులో నడిచే పెద్దాయన. రిటైరైనాయన ఒక్కడికి నచ్చితే చాలు, నడకలో కలిసే పదిమందికీ ఆ వారమంతా అదే కబురు.

మాట ఇలా ఊరు దాటడానికి మన ఊరి చుట్టుపక్కల పాత ఉదాహరణ మాడుగుల హల్వా. గోధుమ పాలు, నెయ్యి వేసి చేసే ఆ హల్వాకి వందేళ్ళు దాటిన పేరుంది. ఆ పేరు పెళ్ళిళ్ళకి వచ్చి వెళ్ళేవాళ్ళ సంచుల్లో ఊళ్ళు దాటింది. తిన్నవాళ్ళు "ఎక్కడిదండీ?" అని అడిగారు, తెచ్చినవాళ్ళు ఊరి పేరు చెప్పారు. జాలరిపేట ఎండుచేపలు కూడా హైదరాబాదుకీ, బెంగుళూరుకీ పోయే మనవాళ్ళ సంచుల్లో అలాగే వెళ్తాయి. ఆ పొట్లం మీద పేరూ నంబరూ రాసిన ఒక చీటీ అంటించమని నా సలహా. సంచి ఎక్కడ తెరుచుకున్నా, అడిగినవాళ్ళకి చూపించడానికి ఒక ఆనవాలు ఉంటుంది.

మాటకి ప్రభుత్వం దగ్గరా విలువుంది. ఆడవాళ్ళ డ్వాక్రా పొదుపు సంఘంలో బ్యాంకు అప్పు ఇచ్చేది ఆస్తి చూసి కాదు కదా, పదిమంది ఒకరికొకరు నిలబడతారని. వీధి వ్యాపారులకి 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి పథకం పెట్టింది. తాకట్టు లేని అప్పు. మొదట 10,000 రూపాయలు ఇచ్చేవారు, 2025లో దాన్ని 15,000కి పెంచారు. సక్రమంగా తీరిస్తే తర్వాతి విడతల్లో ఇంకా పెద్ద అప్పు వస్తుంది. గుర్తింపు కార్డు లేనివాళ్ళకి మున్సిపాలిటీ సిఫారసు లేఖ ఇస్తే దానిమీద కూడా అప్పు పుడుతుంది. మన ఊళ్ళో అయితే గ్రేటర్ విశాఖ కార్పొరేషన్. ఒడ్డున పెద్దావిడ అనే "ఇచ్చెయ్" అన్న ముక్కకి అది సర్కారీ రూపం. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బందిని అడిగితే దారి చెబుతారు. క్యూఆర్ కోడ్ మీద డబ్బు తీసుకుంటే మీ బేరాల లెక్క కూడా బ్యాంకు ముందుంటుంది.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మాట మీద ఇళ్ళు పెరిగితే పాత ఇళ్ళకి ఆలస్యమవుతుంది. పొద్దున్న ఎనిమిదికి వచ్చే చేపలామె పదకొండుకి వస్తోందంటే, మొదట మాట చెప్పిన 302 ఆవిడే మొదట విసుక్కుంటుంది. మోయగలిగినన్ని ఇళ్ళే ఒప్పుకోవాలి. మిగిలినవి వదినకో, చెల్లెలికో అప్పగించాలి. తప్పు జరిగిన రోజున, అంటే చేప బాగోలేదని ఫోనొచ్చిన రోజున, వాదించకూడదు. "డబ్బు వద్దమ్మా, రేపు వేరేది తెస్తాను" అని ఊరుకోవాలి. ఆ సంగతి చెప్పినావిడకి కూడా మనమే ముందు చెప్పాలి. ఇంకొకరి నోట వినేలా చెయ్యకూడదు.

ఇప్పటిదాకా అమ్మేవాళ్ళకి చెప్పాను. కొనే శ్రోతలకి ఒక మనవి. మీకు మంచి చేపలామె దొరికితే, మంచి దర్జీ దొరికితే, దాచుకోకండి. నలుగురికి చెబితే మన వంతుకి తక్కువొస్తుందని కొందరికి ఒక పిసినారి భయం. అలాంటిదేమీ జరగదు. ఆవిడ నంబరు ఇంకొకరికి ఇచ్చేముందు ఆవిడని ఒక్కమాట అడగండి, పేరు సరిగ్గా రాసివ్వండి. వచ్చే నెల మీ అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో, పార్కింగు గొడవలు తేలాక, చెయ్యెత్తి ఒక మాట అనండి: మా చేపలామెని వాచ్‌మన్ గేటు దగ్గర ఆపకూడదు, పేరు రాసుకుని లోపలికి పంపాలి అని.